కోడెకు ఉత్తరువు ఎచ్చటినుండి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల సేద్యగాండ్రు కోడెదూడకు విత్తులు కొట్టించి కాడికి కట్టుట తరతరముల వాడుక. అట్లు కొట్టించిన యెద్దునకు మూపురము ఆబోతునకువలె ఎత్తుగా లేవదు, మెడ బలియదు, ఆవు ఎదకు వచ్చినను పలుపు తెంపుకొని పరుగిడదు. మగతనమునకు మూలము వృషణములందున్నదని మన రైతు యే గ్రంథమును చదువకయే యెఱుగును. అవి తమంతట తాము పనిచేయునా, మఱొకచోటినుండి ఉత్తరువు వచ్చునా యన్నది మాత్రము పండితులకు సైతము చిరకాలము కొఱుకుడు పడలేదు.

1849లో గొట్టింగెన్ నగరమున బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు ఆరు పుంజుపిల్లలపై పరీక్ష చేసెను. వృషణములు బొత్తిగా తీసినవానికి నెత్తిజుట్టు ఎదుగలేదు, కూత రాలేదు. వృషణమును కడుపులో వేఱొకచోట నాటినవి మాత్రము నిండు పుంజులై కూసి కలియబడినవి. నాటిన వృషణమునకు నరములు అతుకకున్నను రక్తనాళములు పుట్టియుండుటచే, ప్రభావము రక్తముద్వారా నడచునని అతడు నిశ్చయించెను. నరములతో పని లేదనగానే మెదడుతోను పని లేదని లోకము తలచినదేమో! 1935లో ఆంస్టర్‌డాంలో లాకర్ బృందము వంద కిలోల ఆబోతు వృషణములనుండి మగతనపు రసమగు టెస్టోస్టిరాన్‌ను పది మిల్లీగ్రాములు తీసినప్పుడును అందఱి దృష్టి గ్రంథిమీదనే నిలిచెను.

అంతకుముందే అమెరికాలో ఫిలిప్ స్మిత్, మెదడు అడుగున కాడకు వ్రేలాడు పీయూషగ్రంథిని తీసివేసినచో ఎలుకల వృషణములు కుంచించుకుపోవునని చూపియుండెను. ఆ పిమ్మట ఇంగ్లండులో జెఫ్రీ హారిస్, ఆ గ్రంథిని వేఱొకచోట నాటిన నిష్ప్రయోజనమనియు, తిరిగి మెదడులోని హైపోథలమస్ క్రింద నాటి రక్తనాళములు కలిసినచో పని సాగుననియు కనుగొని, మెదడు నరములతో గాక రక్తమున కలిపిన రసముతో శాసించునని వాదించెను. ఆ రసమును పట్టుటకు షాలీ బృందము లక్షకు మించిన పందుల మెదళ్లను తడవి, 1971లో పది అమైనో ఆమ్లముల చిన్న గొలుసుగా దానిని తేల్చెను; 1977లో షాలీకిని, అదే వేటలో పోటీపడిన గిల్లెమిన్‌కును నోబెల్ బహుమతి లభించెను.

మెదడునుండి వచ్చు ఈ ఉత్తరువు ఎడతెగని ధార కాదు. ఉండియుండి కొంచెముకొంచెముగా వెలువడును. వృషణములనుండి టెస్టోస్టిరాన్ తగినంత పైకి చేరగానే, మడి నిండిన పిమ్మట నీరుగంటి తూము మూసినట్లు మెదడు చేయి బిగించును.

ఆ అమైనో ఆమ్లముల గొలుసునే ఎదిరించు టీకాను ఆస్ట్రేలియాలో 1998నుండి మగపందులకు వేయుచున్నారు. కత్తి తగులకయే వృషణములు అణగును. జమ్మలమడుగు పల్లెలలో పశువైద్యుని సంచిలో మాత్రము నేటికిని విత్తులు కొట్టు బర్డిజో పటకారే యున్నది.