ప్రోగ్రాము ఎడిటర్లు – ఒక్కొక్క వరుసకు ఎంత మెమరీ?

మా కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్ల మెమరీ 4 గిగాబైట్లు. మొన్న ఒక విద్యార్థి పట్టుమని పది వరుసలు లేని ప్రోగ్రామును వ్రాయుటకు ఎడిటరును తెరచి, పాఠము చూచుటకు బ్రౌజరును కూడ తెరచినాడు. అంతే, యంత్రము కదలక మెదలక నిలిచిపోయినది. “తప్పు నాదా, కంప్యూటరుదా సార్?” అని అడిగినాడు. జవాబు చెప్పుటకు నేను యాభై ఏండ్లు వెనుకకు పోవలసివచ్చినది.

ప్రోగ్రాము వాక్యములను టైపు చేయుటకును, దిద్దుటకును తోడ్పడు సాధనమే ఎడిటరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1969లో యూనిక్సు వ్యవస్థను ప్రారంభించిన కెన్ థాంప్సన్, దానితో పాటు ‘ఎడ్’ అను ఎడిటరును వ్రాసెను. 1971 నాటికి అచ్చట ఉన్న పీడీపీ-11 యంత్రము మెమరీ అంతయు 24 కిలోబైట్లు. అందులో 16 వ్యవస్థకే పోగా, మిగిలినవి 8. ఆ యంత్రము మీదనే పేటెంటు శాఖకు చెందిన ముగ్గురు టైపిస్టులు దినమంతయు దరఖాస్తులను టైపు చేయుచు, దిద్దుచు ఉండిరి. ఒక ప్రోగ్రాము మరొకదాని మెమరీలోనికి చొరబడకుండ కాపాడు ఏర్పాటు దానికి లేదు. ప్రక్క గదిలో ఎవరైన క్రొత్త ప్రోగ్రామును పరీక్షింపబోయి పొరపాటు చేసినచో, వ్యవస్థ మొత్తము కూలిపోవచ్చును. టైపిస్టుల శ్రమ గంగపాలు కావచ్చును. మా విద్యార్థి కూర్చున్న కంప్యూటరు మెమరీ దానికి లక్షా డెబ్బది వేల రెట్లకు పైమాటే!

అంత ఇరుకులో ఎడ్ ఎట్లు ఇమిడినది? అది ఫైలులోని పాఠమును డిస్కు మీద ఒక తాత్కాలిక ఫైలులో ఉంచి, ఏ వరుస ఎక్కడ ఉన్నదో తెలుపు గుర్తును మాత్రమే మెమరీలో పెట్టుకొనును. వరుసకు ఒక ‘వర్డు’ పట్టునని 1979 నాటి యూనిక్సు కరదీపికలో వ్రాసి ఉన్నది. పీడీపీ-11 మీద అది 2 బైట్లు. తప్పు ఆదేశము ఇచ్చినచో ఎడ్ ‘?’ అను ఒక్క గుర్తును అచ్చువేసి ఊరకుండెడిది. దీనిని చూచి విసుగుకొన్నవారు కలరు. కాని నిదానపు టెలిటైపు, ఇరుకు మెమరీ ఉన్న ఆ రోజులలో, ప్రతి దోషమునకు ఒక వాక్యము దాచిపెట్టుకొనుటకు చోటెక్కడిది?

జిరాక్సు సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రములో 1974లో బ్రావో అను మరియొక ఎడిటరు పుట్టినది. బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ దాని నిర్మాతలలో ముఖ్యులు. అది నడచిన ఆల్టో యంత్రము మెమరీ 128 కిలోబైట్లు. దీని కొరకు జె. స్ట్రోథర్ మూర్ చక్కని ఉపాయమును కనిపెట్టెను. మన వ్రాతప్రతులలో లేఖకుడు ఒక మాటను విడిచినచో పుటనంతయు తిరిగి వ్రాయడు. హంసపాదు పెట్టి, విడిచిన మాటను అంచున వ్రాయును. బ్రావో పద్ధతియు ఇట్టిదే. అది మొదటి ఫైలును ముట్టుకొనదు. క్రొత్తగా టైపు చేసిన అక్షరములు వేరొకచోట చేరుచుండును. “మొదటి దానిలో ఇంతవరకు, పిదప క్రొత్తదానిలో ఇంత, మరల మొదటి దానిలో ఇక్కడి నుండి” అని తెలుపు ఒక ముక్కల పట్టిక ఉండును. ఈ పట్టిక పెరుగునది దిద్దుబాట్ల సంఖ్యను బట్టి. ఫైలు పొడవుతో దానికి పని లేదు.

1976లో ఎంఐటీలో రూపొందిన ఈమాక్సు మీద తరువాతి దశకములో ఒక పరిహాసము పుట్టినది. ఆ పేరులోని అయిదు అక్షరములకు ‘ఎనిమిది మెగాబైట్లు, నిరంతరము డిస్కుతో ఇచ్చిపుచ్చుకొనుట’ అని అర్థము చెప్పిరి. నేడు ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రమునకే ఒక్కొక్కప్పుడు ఎనిమిది మెగాబైట్లు చాలవు. దాదాపు ఆ కాలముననే బర్క్లీలో బిల్ జాయ్ వ్రాసిన ‘వీఐ’ మాత్రము సన్నగానే ఉండిపోయినది.

2014లో గిట్‌హబ్ సంస్థ ఆటమ్‌ను, 2015లో మైక్రోసాఫ్టు విజువల్ స్టూడియో కోడ్‌ను వెలువరించినవి. ఈ రెండును క్రోమియం అను బ్రౌజరును కడుపులో పెట్టుకొని పుట్టినవే. ఒకసారి వ్రాసినచో విండోసు, మాక్, లినక్సు మూడింటి మీదను నడచునను సౌకర్యము నిర్మాతలది; అద్దె చెల్లించునది వాడుకొనువాని మెమరీ. 2016 నుండి ‘భాషా సర్వర్లు’ కూడ వచ్చినవి. ఇవి ప్రోగ్రాము ఫైళ్లను చదివి, ఏ పేరు ఎక్కడ పుట్టినదో, ఎక్కడెక్కడ వాడబడినదో గుర్తుంచుకొని తప్పులు చూపును. ఈ రెండవ ఖర్చును నేను తప్పుపట్టను. దాని ఫలము విద్యార్థికే దక్కుచున్నది.

ఇక వరుస లెక్కకు వత్తము. విజువల్ స్టూడియో కోడ్‌లో 35 మెగాబైట్ల ఫైలు ఒకటి తెరచుకొనలేదని ఒకరు ఫిర్యాదు చేసిరి. పరిశీలింపగా అందులో 1 కోటి 37 లక్షల వరుసలు ఉన్నవి; అనగా సగటున వరుసకు మూడు బైట్లయినను లేవు. కాని ఎడిటరు ప్రతి వరుసకు 40 నుండి 60 బైట్లు కేటాయించుచుండెను. కనుక ఆ చిన్న ఫైలుకు సుమారు 600 మెగాబైట్లు కావలసివచ్చినది! ఎడ్ వాడిన 2 బైట్ల గుర్తు ఇంత పెద్ద ఫైలుకు చాలదనుట నిజమే గాని, ఇరువది ముప్పది రెట్లు ఎక్కడ? 2018 మార్చిలో నిర్మాతలు ఆ భాగమును తీసివేసి, దాని స్థానమున పెట్టినది 1974 నాటి ముక్కల పట్టికనే. వెదకుట వేగముగా సాగుటకు దానిని ఒక వృక్షముగా అమర్చిరి. బ్రావో నిర్మాత సిమోనీ 1981లో చేరినది ఈ మైక్రోసాఫ్టులోనే అగుట ఒక చిత్రము.

మా విద్యార్థి కంప్యూటరులో ఏది ఎంత మెమరీ తీసుకొనుచున్నదో ఆ జాబితాను ఇద్దరము కలసి చూచితిమి. అతని పది వరుసలకు అందులో లెక్కకు వచ్చు పాలు లేదు. ఎడిటరులోని బ్రౌజరు, భాషా సర్వరు, ఎవరో చేర్చి మరచిన అయిదు విస్తరణలు, బయటి బ్రౌజరు – ఇవి పంచుకొన్నవి. వాడని విస్తరణలను తీసివేయగా యంత్రము కదలినది. తప్పు నీది కాదని అతనికి చెప్పితిని. ఇంటివద్ద 2 గిగాబైట్ల పాత కంప్యూటరే ఉన్నదట. దానిలో వీఐ సంతతికి చెందిన ‘విమ్’ను పెట్టుకొని, ఈ వారము అభ్యాసములన్నియు అందులోనే చేసి తెచ్చినాడు.