వాయిదా
గోదావరిఖనిలో సింగరేణి కార్మికుఁడు బ్యాంకు ఋణముతో సొంత స్థలమున ఇల్లు కట్టించుకొనునపుడు, కాంట్రాక్టరు అడుగు రెండవ వాయిదా రొక్కము కాఁగా, ఆతఁడే స్లాబుపని వాయిదా పడినదనునపుడు అది జాప్యమగుచున్నది. ఒక్క పదమున ఈ రెండర్థములెట్లు కుదిరినవో విచారింపఁదగును. మాట యిచ్చుట యను అర్థముగల అరబ్బీ ధాతువునఁ బుట్టి, హిందూస్తానీ మీదుగా మనకుఁ జేరిన యీ పదము హిందీలో నేఁటికిని వాగ్దానమే. తెలుఁగున మాత్రము గడువయి, గడువునఁ జెల్లించు సొమ్మయి, తుదకు గడువు దాఁటించుటయే యయినది. భూమిశిస్తు లెక్కలలో దీనికి జతయైన కిస్తు అరబ్బీలో న్యాయమైన వంతు. అంతకుఁ బూర్వమే ముందుగా నిచ్చు సొమ్మునకు మనకు సంచకరువను మాట కలదు; బేరమును సత్యము చేయునదను అర్థముగల సత్యంకార శబ్దమునకు అది వికృతి, నేఁటి బయానాకు సరియైన మాట. అది మరుగుపడుట నాకు మిక్కిలి బాధాకరము. వాయిదాకు కిస్తు నందలి న్యాయము తోడు కావలెనన్నచో పునాది, గోడలు, స్లాబు ఒక్కొక్కటియు ముగిసి, ఇంజినీరు చూచిన పిదపనే ఆ మేరకు సొమ్ము చెల్లునట్లు ముందే కాగితముపై వ్రాయించుకొనవలెను. బ్యాంకులును ఋణమును దశలవారీగానే విడుదల చేయును గదా! అపార్టుమెంటు కొనువారికి 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము మఱియొక రక్ష: విక్రయ ఒప్పందము రిజిస్టరు కానిదే బిల్డరు ధరలో 10 శాతమునకు మించి పుచ్చుకొనరాదు.