జల్లెడకు చిక్కిన జీవి

వికారాబాద్ ప్రాంతంలో ఎర్రమట్టి కింద తగిలేది నల్లరాయి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను ముంచెత్తిన లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్ అది. ఆ లావా అంతా ఒక్కసారిగా పారలేదు. ఒక పొంగుకీ మరో పొంగుకీ మధ్య చాలాకాలం తెరిపి దొరికేది. ఆ తెరిపిలో పల్లాల్లో నీళ్లు నిలిచి మడుగులయ్యేవి. కప్పలు, చేపలు, బల్లులు చేరేవి. మళ్లీ లావా వచ్చి ఆ బురదనంతా కప్పేసేది. నస్కల్ గ్రామం దగ్గర నల్లరాతి పొరల నడుమ ఇరుక్కున్న మట్టి అలాంటిదే.

1980ల దాకా మన భూగర్భ శాస్త్రజ్ఞులకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. డైనోసార్ల చివరి రోజుల్లో ఇక్కడ క్షీరదాలు ఉండేవా? అప్పటికి మన భూఖండం మడగాస్కర్ నుంచి విడిపోయి, ఆసియాను ఇంకా తాకక, సముద్రం మీదుగా ఉత్తరానికి జరుగుతోంది. డైనోసార్ ఎముకలైతే జబల్‌పూర్‌లో 19వ శతాబ్దం నుంచే దొరుకుతున్నాయి. క్రెటేషియస్ కాలపు క్షీరదం మాత్రం ఒక్కటి కూడా చేతికి రాలేదు.

ఎందుకంటే ఆ కాలపు క్షీరదాల్లో ఎక్కువ భాగం ఎలుకంత ఉండేవి. పన్ను ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. రాతిపొర వెంట నడుస్తూ వెతికితే అవి కంటికి ఆనవు. అందుకే మట్టిని బస్తాలకెత్తి, ఎండబెట్టి, నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెళ్లలో కడుగుతారు. మిగిలిన నలుసులను మైక్రోస్కోపు కింద పరిచి, తడి కుంచె మొనతో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ చూస్తారు. చేప పొలుసులు, కప్ప ఎముకలు, మొసలి పళ్లు వస్తూనే ఉంటాయి. క్షీరదం పన్ను వస్తుందన్న భరోసా లేదు.

వస్తే మాత్రం పోల్చుకోవడం కష్టం కాదు. బల్లి పన్ను ఉత్త మొన. ఈ క్షీరదాల దవడపన్ను మీద మూడు నాలుగు గుబ్బలు, మధ్యలో ఒక గుంట ఉంటాయి. పై పంటి గుబ్బ కింది పంటి గుంటలో రోట్లో రోకలిలా దిగుతుంది. అలాంటి పళ్లే నస్కల్ మట్టిలో బయటపడ్డాయి. జి.వి.ఆర్. ప్రసాద్, పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ సాహ్నీ కలిసి 1988లో ‘నేచర్’ పత్రికలో ఆ జీవిని ప్రకటించారు. పేరు డెక్కనోలెస్టెస్ హిస్లోపి. భారతదేశంలో దొరికిన తొలి క్రెటేషియస్ క్షీరదం అదే. లావా పొరల నడుమ శిలాజాలను 19వ శతాబ్దంలోనే సేకరించిన నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్లోప్ జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారు.

పేరు కుదిరింది గాని, చుట్టరికాలు కుదరలేదు. పళ్లను బట్టి మొదట దీన్ని ఆసియా వైపు పురుగుతిండి జీవుల్లో చేర్చారు. అలాగైతే సముద్రం మధ్యనున్న ఖండానికి ఉత్తరాది జీవి ఎలా చేరింది? 1994లో నస్కల్ నుంచే చీలమండ ఎముకలు వెలుగులోకి వచ్చాయి. కీళ్ల తీరు చూస్తే అది చెట్లెక్కే జీవి. దాంతో మనిషి, కోతి పుట్టిన శాఖకు ఇది మూలంలో ఎక్కడో దగ్గరిదేమోనన్న ఆలోచన బలపడింది. 2011లో అంజలి గోస్వామి బృందం లక్షణాలన్నీ కలిపి బేరీజు వేసి, ఇది నేటి జరాయు క్షీరదాల వంశం మొదలు కాకముందే విడిపోయిన పక్క కొమ్మ అని తేల్చింది. ఆఫ్రికా, యూరప్‌లలో తర్వాతి కాలంలో బతికిన చిన్న జీవులే దానికి దగ్గరి చుట్టాలట.

అదే మట్టి మరో కథ కూడా చెప్పింది. 1997లో ప్రకటించిన ఒక పొడవాటి, వంపు తిరిగిన పన్ను డెక్కనోలెస్టెస్‌కు ఏమాత్రం పోలిక లేనిది. దాని బంధువులు అర్జెంటీనాలో, మడగాస్కర్‌లో ఉన్నాయి. 2007లో రెండు బృందాలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఆ జీవికి పేర్లు పెట్టాయి: ఒకరిది భారత్‌థేరియం, మరొకరిది దక్షిణ. ముందు అచ్చయిన పేరుకే చెల్లుబాటు కనుక భారత్‌థేరియం నిలిచింది. ఒకే మడుగు ఒడ్డున ఉత్తరాది చుట్టాలున్న జీవి ఒకటి, దక్షిణాది చుట్టాలున్న జీవి మరొకటి బతికాయన్నమాట. భారత ఖండం సముద్రంలో పూర్తిగా ఏకాకిగా ఉండేదన్న మాటను అందుకే ఇప్పుడు జాగ్రత్తగా వాడుతున్నారు.

2022లో వచ్చిన పరిశోధన పొర కింది, పై బసాల్ట్‌ల వయసు కొలిచి, ఈ జీవులు డైనోసార్ల అంతానికి కాస్త ముందువేనని నిర్ధారించింది. అందులోనే మరో కొత్త జాతికి ఊరి పేరు దక్కింది: ఇండోక్లెమెన్సియా నస్కలెన్సిస్.

డెక్కనోలెస్టెస్ పుర్రె ఇంతవరకూ దొరకలేదు. దొరికితే చుట్టరికాలు మరోసారి తారుమారు కావచ్చు. హిస్లోపి అనే పేరు మాత్రం, నామకరణ నియమాల ప్రకారం, ఏ నమూనాను చూసి పెట్టారో దానికే కట్టుబడి ఉంటుంది.