మానసిక సమస్య ఉన్నవారిని లాకప్‌లో పెట్టొచ్చా? చట్టం ఏం చెబుతోంది?

నాచారం రోడ్డుపైనో, ఉప్పల్ చౌరస్తాలోనో ఒక వ్యక్తి తనలో తానే మాట్లాడుకుంటూ వాహనాలకు అడ్డం వెళ్తున్నాడు. పోలీసులకు చెబితే జైల్లో వేస్తారేమోనని మీరు ఆగిపోతున్నారా? ఆ భయం అక్కర్లేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) సెక్షన్ 100 దీనిపై స్పష్టంగా ఉంది.

పోలీసులు ఏం చేయాలి?
• తన బాగోగులు చూసుకోలేక తిరుగుతున్న వ్యక్తిని, జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదంగా మారిన వ్యక్తిని రక్షణలోకి తీసుకోవాలి.
• 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష చేయించాలి.
• ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు.
• ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరం లేదంటే ఇంటికి, ఇల్లు లేకుంటే ప్రభుత్వ ఆశ్రయ కేంద్రానికి చేర్చాలి.
• దిక్కులేని వ్యక్తి అయితే మిస్సింగ్ ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతకాలి.

మీరేం చేయాలి?
112కి ఫోన్ చేసినప్పుడు ‘గొడవ చేస్తున్నాడు’ అని మాత్రమే చెప్పి వదిలేయకండి. మానసిక అనారోగ్యంలా ఉందని, ఆస్పత్రికి తీసుకెళ్లాలని చెప్పండి. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి నగరానికి అవతలి వైపు ఉంది. చట్టం ప్రకారం ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికే తీసుకెళ్లాలి.

కేసు పెడితే?
చికిత్స కాగితాలు లాయర్‌కు ఇవ్వండి. నిందితుడు తన వాదన వినిపించుకోలేని స్థితిలో ఉంటే, ఆస్పత్రిలో ఉంచాల్సిన అవసరం లేకుంటే, చికిత్స చేయిస్తామని బంధువులు హామీ ఇస్తే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 369 కింద బెయిల్ దొరుకుతుంది. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.

ఇంట్లో ఎవరికైనా లక్షణాలు కనిపిస్తే, పరిస్థితి స్టేషన్ దాకా వెళ్లకముందే టెలి మానస్ 14416కు కాల్ చేయండి. ఇది ఉచితం.