జడ్పీ మీకు, కౌన్సిల్ మాకు

2026 మే 7, గురువారం. ఇంకా పనిలోకి రాని ఒక కౌన్సిల్‌కు ఆ రోజు మేం సభ్యుల్ని ఎన్నుకోబోతున్నాం. లండన్‌కు నైరుతి దిక్కున సర్రే కౌంటీ, అందులో వోకింగ్ మా ఊరు. కొత్త కౌన్సిల్ పేరు వెస్ట్ సర్రే. 90 మంది సభ్యులు, వార్డుకు ఇద్దరు. అధికారం చేతికొచ్చేది మాత్రం 2027 ఏప్రిల్‌లో. అప్పుడు సర్రే కౌంటీ కౌన్సిలూ, దాని కింద ఉన్న 11 బరో, డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లూ రద్దయి, తూర్పున ఒకటి, పడమరన ఒకటి మిగులుతాయి. గుంటూరు జిల్లా చేబ్రోలులో మావాళ్లకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే "మనకు 2022లో చేసినట్టు జిల్లాను ముక్కలు చేస్తున్నారా?" అన్నారు. అది సగమే నిజం. కౌంటీని రెండుగా చీలుస్తున్నారు, దానితోపాటు పదకొండింటిని రెండుగా కలిపేస్తున్నారు కూడా.

ఇప్పటిదాకా ఉన్న ఏర్పాటు చెత్తబుట్ట దగ్గరే అర్థమవుతుంది. ఇంటి ముందు చెత్త ఎత్తుకుపోయేది వోకింగ్ బరో. ఎత్తిన చెత్తను ఎక్కడ పారబోయాలో, ఎక్కడ కాల్చాలో చూసేది కౌంటీ. రోడ్డు మీద గుంత పడితే కౌంటీకి చెప్పుకోవాలి, అదే రోడ్డు ఊడవకపోతే బరోకి చెప్పుకోవాలి. బడులు, గ్రంథాలయాలు కౌంటీవి. ఇళ్ల ప్లాన్లకు అనుమతులు బరోవి. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు పంపేది బరో, అందులో సింహభాగం పోయేది కౌంటీకి. మండల పరిషత్తుకూ జిల్లా పరిషత్తుకూ మధ్య తిరిగి చెప్పులు అరిగినవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

స్థానిక స్వపరిపాలన మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పారని, లార్డ్ రిపన్ దానికి పితామహుడని బళ్లో చదువుకున్నాం. రిపన్ తీర్మానం 1882 మే 18 నాటిది. దాని ఫలితంగా 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చి తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు ఏర్పడ్డాయి. గుంటూరు అప్పటికి కృష్ణా జిల్లాలో భాగం. జిల్లా బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. మరి అదే ఏడు సర్రేలో ఏముంది? ఎన్నికైన కౌంటీ కౌన్సిల్ లేనే లేదు. ఇంగ్లండులో పట్నాలకు 1835 చట్టంతో ఎన్నికైన కౌన్సిళ్లు వచ్చాయి గానీ, కౌంటీలను ఏలింది మాత్రం రాణి పేరిట నియమితులైన మేజిస్ట్రేట్లు. ఎక్కువమంది భూస్వాములే. కౌంటీ కౌన్సిళ్లకు చట్టం 1888లో, తొలి ఎన్నికలు 1889 జనవరిలో. డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లు, గ్రామస్థాయి పారిష్ కౌన్సిళ్లు 1894 చట్టంతో వచ్చాయి. అంటే మనకు పాఠం చెప్పిన పంతులు తన ఇంట్లో ఆ పాఠం ఇంకా మొదలుపెట్టలేదన్నమాట.

ఓటు సంగతీ అంతే. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్‌కు ఆడవాళ్లు గెలిచారు. వాళ్లలో లేడీ శాండ్‌హర్స్ట్ మీద ఓడిపోయిన అభ్యర్థి కోర్టుకెక్కి ఆమె సీటు ఊడగొట్టించాడు. కౌంటీ కౌన్సిళ్లలో స్త్రీలు కూర్చోవచ్చని చట్టం ఒప్పుకున్నది 1907లో. పన్ను, ఇల్లు అనే లెక్కలు లేకుండా స్థానిక ఎన్నికల్లో వయోజనులందరికీ ఓటు 1945లో గాని రాలేదు. ఆంధ్రలో ఈనాడు పరిషత్తుల్లో సగం సీట్లు స్త్రీలవని ఇక్కడివాళ్లకు చెబితే ఒకటికి రెండుసార్లు అడుగుతారు.

హద్దులు మార్చడం మాత్రం ఇద్దరికీ సరదానే. మనవాళ్లు 1959లో పెట్టిన సమితులను ఎన్టీ రామారావు మండలాలుగా మార్చారు. వీళ్లు 1894 నాటి డిస్ట్రిక్టులను 1974 ఏప్రిల్ 1న రద్దు చేసి కొత్తవి పెట్టారు. 1965లో కింగ్‌స్టన్ లండన్‌లో కలిసిపోయినా సర్రే కౌంటీ ప్రధాన కార్యాలయం అర్ధశతాబ్దం పైగా అక్కడే ఉండిపోయింది. నవ్వకండి, రేపల్లె బాపట్ల జిల్లాకు వెళ్లాక కూడా అక్కడి జడ్పీటీసీ సభ్యుడు గుంటూరు జిల్లా పరిషత్తులోనే కూర్చున్నాడు.

తేడా ఉన్నది రాజ్యాంగంలో. ఐదేళ్లకోసారి స్థానిక ఎన్నికలు జరిపి తీరాలని మనకు 73వ సవరణ ఉంది. ఇక్కడ లిఖిత రాజ్యాంగమే లేదు. పార్లమెంటు తలుచుకుంటే కౌన్సిల్ ఉంటుంది, లేకపోతే పోతుంది. 2025లో జరగాల్సిన సర్రే కౌంటీ ఎన్నికలను ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఏడాది వాయిదా వేసింది. అయితే రాజ్యాంగం ఉండి మనం సాధించింది? 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. అదే ఏడు ఏప్రిల్ 8న వేసిన పరిషత్ ఓట్లను సెప్టెంబరు 19న లెక్కపెట్టారు.

ఇక అసలు గొడవ, అప్పు. మా బరో ప్రభుత్వ రుణాలు తెచ్చి ఊరి నడిమధ్య ఆకాశహర్మ్యాలు, హోటలు కట్టించింది. 2023 జూన్‌లో చేతులెత్తేసింది. ఆ ఏడాది చేతికొచ్చే ప్రధాన నిధులు 1.6 కోట్ల పౌండ్లు, లోటు 120 కోట్ల పౌండ్లు! మరుసటి ఏడు బరో పన్నును దాదాపు 10 శాతం పెంచారు. ఇదే కౌంటీలోని స్పెల్‌థోర్న్ బరోకూ వంద కోట్ల పౌండ్ల పైచిలుకు అప్పుంది. వోకింగ్ అప్పులో 50 కోట్లు తీరుస్తానని ప్రభుత్వం ఒప్పుకుంది. మిగతాది వెస్ట్ సర్రే నెత్తిన పడుతుందని, తాము చేయని అప్పు తామెందుకు కట్టాలని, మాతో కలవబోయే గిల్‌ఫర్డ్‌వాళ్లు గుర్రుగా ఉన్నారు. న్యాయమే. కానీ ఆ అప్పులు ఎన్నికైన కౌన్సిల్ ఆమోదంతో చేసినవి. ఏటేటా ఓట్లు పడుతూనే ఉన్నాయి, పద్దు తిరగేసిన ఓటరే తక్కువ.

ఇందులో నాకూ ఓటుంది. కామన్వెల్త్ దేశాలవాళ్లకు ఇక్కడ పౌరసత్వం లేకపోయినా, భారత పాస్‌పోర్టుతో వీసా మీద ఉన్నా ఓటుహక్కు ఉంటుంది. సామ్రాజ్యం పోయినా మిగిలిన హక్కు ఇది. ఈ సంగతి తెలియక పేరు నమోదు చేయించుకోని తెలుగువాళ్లు ఎందరో. పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా పోలింగ్. మన దగ్గరలాగే ఇక్కడా 2023 నుంచి ఫొటో గుర్తింపు చూపించాల్సిందే. కాగితం మీద పెన్సిలుతో X గుర్తులు పెట్టి పెట్టెలో వేయడమే, వేలికి సిరా ఉండదు.

మీకూ ఈ సెప్టెంబరుతో పరిషత్తుల గడువు తీరుతుంది. గడపలోకి వచ్చిన అభ్యర్థి కులం, పార్టీ మీకు ఎలాగూ తెలుసు. పరిషత్తుకు వచ్చిందెంత, పోయిందెక్కడికి అని అడగండి. వోకింగ్‌లో మేం ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగాం. ఇప్పుడు వడ్డీతో సహా కడుతున్నాం.