గృహారామం - పాలకుర్తి పెరడు

క్రొత్తగా ఇల్లు కట్టుకొనేవారు గదులకూ గోడలకూ పటం గీయిస్తారు గాని పూలమొక్కలకు గీయించరు. గచ్చు పోయగా మిగిలిన జానెడు చోటే తోట అనిపించుకొంటుంది. మన పూర్వులకు గృహారామ విషయంలో ఒక లెక్క ఉండేది. అది గ్రంథాలలో ఎలా ఉన్నదో, మా పాలకుర్తి పెరళ్ళలో ఏ రూపం దాల్చిందో చూద్దాం.

ముందుగా చెప్పుకోవలసినది వాత్స్యాయనుని కామసూత్రం. పేరు వినగానే ముఖం త్రిప్పుకొనే మిత్రులు నాల్గవ అధికరణం మొదటి అధ్యాయం చదివితే మంచిది. అక్కడున్నది గృహిణి దినచర్య. కూరమళ్ళతోపాటు మల్లె, జాజి, నందివర్ధనం, మందారం వంటివి ఆమె నాటించాలి. కూర్చోవడానికి ఇంపైన అరుగులు వేయించాలి. తోట నడుమ బావి గాని దిగుడుబావి గాని త్రవ్వించాలి. ఈ చివరి మాటలోనే తోట రూపమంతా ఇమిడి ఉన్నది. నీరు నడుమ ఉంటే నాలుగు దిక్కుల మొక్కలకూ సమానమైన దూరం.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో కొలతలే ఇచ్చాడు. చెట్టుకూ చెట్టుకూ నడుమ ఇరవై మూరలు ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు కనిష్ఠం. మూరకు అడుగున్నర చొప్పున ముప్పై, ఇరవైనాలుగు, పద్దెనిమిది అడుగులన్నమాట. ఈ లెక్కన నేటి రెండువందల గజాల జాగాలో ఇల్లు పోను ఒక్క చెట్టుకు మించి పట్టదు. ఆ ఒక్కటి ఏదో ఆలోచించి నాటాలి. అశోకం, పున్నాగ, శిరీషం వంటివాటిని తోటలలోనైనా ఇండ్లలోనైనా ముందుగా నాటమన్నాడాయన. భూమిలో మొదట నువ్వులు చల్లి, పూతకు రాగానే అక్కడే త్రొక్కివేయమని కూడా చెప్పాడు. నేటి పచ్చిరొట్ట ఎరువు ఇదే కదా!

ఇక పాలకుర్తి. ఏరు లేదు, గుట్ట ఉన్నది, బావులూ చెరువులూ దిక్కు. బావి పెరటిలో ఒక ప్రక్కన ఉండేది, దాని చెంత జాలారి బండ. చేదిన నీరు ముందు మనుషులకు, వాడిన నీరు మొక్కలకు. బండ మీది నీరు సన్నని కాలువగా సాగేది. మొదట అరటి, ఆ తరువాత మందారం, కనకాంబరం, చివర నందివర్ధనం. పటం గీసినది నీటి వాలే.

రెండవ లెక్క పూచే వేళది. పారిజాతం రాత్రి విచ్చి తెల్లవారేసరికి నేల రాలుతుంది. రాలిన పూవు పూజకు పనికివచ్చేది ఇదొక్కటే గనుక దాని క్రింద అలికిన నేల ఉండాలి. మల్లె, చంద్రకాంత సాయంకాలపు పూలు. వాటి చోటు మనుషులు మంచాలు వేసుకొనే వాకిటి ప్రక్కన. గన్నేరు పాలు విషం కనుక పసులకు అందని గోడ వెంట. మల్లెను పందిరికి ప్రాకించేవారున్నారు, పొదగా పెంచేవారున్నారు. మా ప్రక్క ఊరు బమ్మెరవాడైన పోతన గోపికలు కృష్ణుడు దాగి ఉన్నాడేమోనని అడిగినది మల్లెల పొదలనే. నా ఓటు కూడా పొదకే. ఏటా కత్తిరిస్తే పూత దట్టంగా వస్తుంది.

ఒక చిత్రం. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు నడచిన ఈ ఊరిలో బంతిపూవు ఉండే అవకాశమే లేదు. బంతి, చంద్రకాంత, దేవగన్నేరు, కాగితపూలు అన్నీ అమెరికా ఖండాలవి. 1498లో పోర్చుగీసువారు మన తీరం చేరిన తరువాతనే అవి ఈ దేశానికి వచ్చే దారి తెరుచుకొన్నది. నేడు బంతి లేని బతుకమ్మను ఊహించలేము.

బతుకమ్మ అనగానే మరొక మాట చెప్పక తప్పదు. పెరడూ బావీ ఊరందరికీ ఉన్నవి కావు. ఊరి వృత్తులవారు దొరల ఇండ్లలో వెట్టి చేసిన కాలమది. 1940వ దశకంలో చాకలి ఐలమ్మ ఈ ఊరిలోనే, కౌలుకు పట్టిన నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడవలసి వచ్చింది. గింజలకే అంత పోరు ఉన్నచోట పూలకు జాగా ఎక్కడిది? అటువంటి ఇండ్ల ఆడవాళ్ళ పూదోట చేని గట్టే. గునుగు, తంగేడు, కట్లపూలు ఎవరూ నాటనివి, ఎవరూ నీరు పోయనివి. తెలంగాణ ఏర్పడిన 2014లో తంగేడు రాష్ట్ర పుష్పమైనది. ఆ గట్లే నేడు ప్లాట్లవుతున్నాయి, కలుపు మందుకు గునుగు మాడిపోతున్నది. పట్నాలలో గునుగును కట్టకింతని కొంటున్నారు.

కాబట్టి నేటి ఇంటి పటంలో గులాబీకి ముందు ఈ రెంటికీ చోటు వ్రాయాలంటాను. తంగేడుకు ప్రహరీ వెంట, నీరందని మొరం నేల చాలు. గింజ పెంకు గట్టిది, గరుకు రాతిపై కాస్త రుద్ది నాటాలి. గునుగుకు ఎండ తగిలే మడి ఒకటి విడిచి, తొలకరికి దాని సన్నని నల్లగింజలను ఇసుకలో కలిపి చల్లాలి. భాద్రపద అమావాస్యకు, ఎంగిలిపూల బతుకమ్మ నాటికి, వెన్నులు తెల్లబడతాయి. కోసేటప్పుడు నాలుగు వెన్నులు ముదరనిచ్చి విడిచిపెడితే రాలిన గింజే మరుసటి ఏడు మొలుస్తుంది.