వైన్స్ బోర్డు, ఇంటి కంచం

ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక వస్తే 'వైన్స్' బోర్డులు కనిపిస్తాయి. లోపలంతా విస్కీ, బ్రాందీ, బీరే. వైన్ కావాలంటే ప్రత్యేకంగా అడగాలి.

ఇది ద్రాక్ష తెలియని ఊరేం కాదు. అనాబ్-ఎ-షాహీని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకి తెచ్చాడంటారు. తర్వాత నగరం చుట్టూ తోటలు పెరిగాయి. కానీ అది తినే పండు. వైన్ ద్రాక్ష నాసిక్, బెంగళూరు వైపు స్థిరపడింది.

అయినా సీసా మన భోజనాల దగ్గరికి రాకపోవడానికి పండొక్కటే కారణం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. కూలి డబ్బు మింగేసి, ఇంటికొచ్చి చెయ్యెత్తే తాగుడు మీద పోరాటమది. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. తాగుడంటే ఇంటికి బయట మగవాళ్ల వ్యవహారం, ఇంట్లో ఆడవాళ్ల భయం. అలాంటిచోట అన్నంతో పాటు ఒక గ్లాసు అనే అలవాటు ఎలా పుడుతుంది?

మా ఇంట్లో ఇద్దరం సరేనన్న రాత్రే సీసా తీస్తాం, అదీ వడ్డించుకున్నాకే. గోంగూర మటన్‌తో రెడ్ వైన్ కుదరలేదు. దాని వగరు కారాన్ని ఇంకా రేపింది. కాస్త తీపి మిగిలిన నాసిక్ చెనిన్ బ్లాంక్ నప్పింది. దాని పులుపు గోంగూరకి సరితూగింది, తీపి కారాన్ని అణిచింది.

రుచుల జత కుదర్చడం తేలికే. కంచం ముందు కూర్చున్న ఎవరికీ ఆ గ్లాసంటే భయం లేకపోవడం అంతకంటే ముందు కావాలి. దూబగుంట అడిగిందీ అదే.